ఈస్టరు భోజనానికి రాని మనిషికి

మైపాడు,
12 ఆగస్టు 2024.

కిషోర్ బాబు గారికి,

షారన్ వందనాలు. ఇంతకుముందు మిమ్మల్ని బావా అనే పిలిచేదాన్ని. ఇప్పుడు ఆ మాట రాయబోతే చెయ్యి ఆగిపోతోంది, అందుకని గారు పెట్టాను. ఇక్కడ అమ్మ, నాన్న, అక్క, నేను ప్రాణాలతో ఉన్నాం. మీరు ఉన్నారో లేదో తెలుసుకోవడానికే ఈ ఉత్తరం.

మీకు కాగితం మీద రాయడం నాకే వింతగా ఉంది. ఏం చేయను? ఫోను పలకదు. మెసేజీ పెడితే ఒక్క టిక్కు దగ్గరే ఆగిపోతుంది. చివరికి అమ్మ పోయినేడు మీకు రొయ్యల పచ్చడి కొరియర్ చేసినప్పటి చెన్నై ఆఫీసు అడ్రసు గుర్తొచ్చింది. మీరింకా అక్కడే పనిచేస్తున్నారో లేదో తెలియదు. చేస్తుంటే మాత్రం ఇది చివరిదాకా చదవండి.

ఈస్టరు రోజు మా పెద్దవాళ్లని తీసుకొస్తాను, పెళ్లి మాటలు మాట్లాడుకుందాం అన్నది మీరే. మేమెవరం తొందరపెట్టలేదు. యూత్ మీటింగులో అక్కతో పరిచయమైన దగ్గర్నుంచి రెండేళ్లు మా ఇంట్లో మనిషిలాగే తిరిగారు. నాన్న ఆటో టాపు చినిగితే పక్కన కూర్చుని కుట్టారు. ఆ ఆదివారం ఆరాధన అయ్యీ అవకముందే అమ్మ ఇంటికి పరుగు తీసింది. చేపలమ్మే మాలకొండమ్మ అత్త మీ కోసమని వంజరం చేప పక్కన పెట్టి ఉంచింది. నాన్న పక్కింటి కుర్చీలు తెచ్చి వరండాలో వేశాడు. అక్క చీర మార్చుకోలేదు, చర్చికి కట్టుకున్నదే బాగుందని మీరెప్పుడో అన్నారట.

మధ్యాహ్నమంతా మీ ఫోను మోగింది గానీ ఎవరూ ఎత్తలేదు. సాయంత్రానికి మోగడం కూడా ఆగిపోయింది. నాన్న కుర్చీలు తిరిగి ఇచ్చేసి వచ్చి, ఎవరివైపూ చూడకుండా, "బండి యాడన్నా ఆగిపొయ్యుంటది" అన్నాడు. ఆ వారంలోనే మీ నంబరు వాడుకలో లేదని చెప్పడం మొదలైంది. వాట్సాప్‌లో మీ ఫోటో పోయింది.

నాకు ఫోటో పోయిన రోజే అర్థమైంది. మా కాలేజీలో ఇలాంటివి చాలా చూశాను. అమ్మకు చెప్పాను, దీన్ని బ్లాక్ చేయడం అంటారమ్మా, ఆయన కావాలని చేసినాడు అని. అమ్మ నా మీద కోప్పడింది. "ఫోను నీళ్లలో పడిపొయ్యుంటది. నీకు ప్రతిదాంట్లో చెడే కనపడతాదేంది?" అంది. మీరు నాతో దిగిన ఫోటోలన్నీ తుడిపేశాను. మీరు కొనిచ్చిన చెప్పులు నా స్నేహితురాలు రెజీనాకి ఇచ్చేశాను. చేరవని తెలిసి కూడా మీకు బూతులు పెట్టాను. కోపమే నన్ను నిలబెట్టింది, దాచుకోను.

నాన్న ఊరికే కూర్చోలేడని మీకు తెలుసు. మీ ఇల్లు బుచ్చిలో చర్చి వీధిలో అన్నారు కదా, ఆటో వేసుకుని బుచ్చిరెడ్డిపాలెం వెళ్లాడు. అక్కడ ఏ చర్చి దగ్గర ఏ వీధో ఎవరికి తెలుసు? ఫోనులో మీ ఫోటో చూపించి వీధి వీధీ అడిగాడట. ఒకాయన, వాళ్లు ఇల్లమ్ముకొని ఎప్పుడో మదరాసు పొయినారే అన్నాడు. ఆయన చెప్పింది మీ గురించో వేరే వాళ్ల గురించో కూడా తెలియదు. అప్పట్నుంచి బుచ్చి వైపు ఎవరు బాడుగ అడిగినా నాన్న కాదనడు. వచ్చాక అన్నం ముందు కూర్చుని, "ఈసారి రైస్ మిల్లు అవతలి వీధి గూడా చూసినా" అంటాడు.

అమ్మ సంగతి వేరు. మీకేదో అయిందని నమ్మింది. ప్రమాదమో, జబ్బో, ఎవరైనా పట్టి ఉంచారో. ఆసుపత్రిలో ఉండి మన పేర్లు మరిచిపోయినాడేమో అని కూడా ఒకసారి అంది. రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో మా పేర్లకంటే ముందు మీ పేరు వస్తుంది. చర్చిలో బుధవారం కూడికలో లేచి నిలబడి, దూరంగా ఉన్న ఒక బిడ్డ కోసం ప్రార్థించండి అని అడుగుతుంది. ఎవరా బిడ్డ అని అందరికీ తెలుసు. ఎవరూ తలెత్తి చూడరు.

ఇక అక్క. ఈస్టరు మర్నాడు మామూలుగానే ఇందుకూరుపేటలో రొయ్యల ల్యాబుకి వెళ్లింది. చెరువుల వాళ్లు తెచ్చిన నీళ్ల సీసాలు పరీక్ష చేసుకుంది, వచ్చింది, మిగిలిన పులుసు వేసుకుని తినింది. ఏడవలేదు. మాలకొండమ్మ అత్త, ఆ అబ్బయ్య రాలేదంటనే అని అడిగితే, "పని పడిందంట అత్తా" అని నవ్వింది. సెలవు పెట్టినవాళ్ల పని కూడా నెత్తిన వేసుకోవడం మొదలుపెట్టింది. పాస్టరమ్మ గారు కావలి నుంచి సుశీల్ కుమార్ అనే టీచరు సంబంధం తెస్తే, ఇప్పుడొద్దండీ అంది. నంబరు మార్చుకోమని నేను పోట్లాడినా మార్చలేదు. మీ కోసం కాచుకుని ఉందని మాకందరికీ అర్థమైంది. అరిచేవాళ్లనైతే ఓదార్చవచ్చు, అక్కను ఏం చేయాలో మాకు తెలియలేదు.

ఇవన్నీ మీకు రాయకూడదనే అనుకున్నాను. రాయించింది పోయిన గురువారం.

ఆ పొద్దున ఒడ్డుకు ఒక శవం కొట్టుకొచ్చింది. పాతికేళ్ల పిల్లోడు, ఊరివాడు కాదు అని ఎండెక్కాక వీధిలో ఎవరో అనుకుంటూ పోయారు. అమ్మ బియ్యం కడుగుతోంది. గిన్నె అక్కడే వదిలేసి, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తింది. నేను వెనకాల పడ్డాను, అందలేదు. మోకాళ్ల నొప్పులని మెట్లెక్కని మనిషి ఆ కాలే ఇసకలో అంత వేగంగా పోవడం నేనెప్పుడూ చూడలేదు.

ఒడ్డున మాలకొండమ్మ అత్త మొగుడు ఓబయ్య మామ అడ్డం నిలబడ్డాడు. "వదినా, నువ్వు చూడబాకమ్మా. నీళ్లలో నానిపొయ్యుండాడు, గుర్తు పట్టలేవు" అన్నాడు. అమ్మ ఆయన చెయ్యి తోసేసి వెళ్లి చూసింది. మీరు కాదు. స్నేహితులతో సముద్రం చూడ్డానికొచ్చి అలలకి పోయిన ఎవరో పిల్లాడు. అమ్మ అక్కడే మోకాళ్ల మీద కూలబడి, అందరికీ వినిపించేట్టు, "స్తోత్రం ప్రభువా" అనేసింది.

సరిగ్గా అప్పుడే ఆ పిల్లాడి వాళ్లు జీపు దిగి వస్తున్నారు. వాళ్లమ్మ ఆ మాట వినింది. మా అమ్మ వైపు అలా చూసింది.

ఇంటికొచ్చాక అమ్మ అన్నం ముట్టలేదు. "ఎవురో తల్లి కడుపు కాలిపోతా ఉంటే నేను స్తోత్రం చెప్పినాను షారనూ. ఏం నోరు నాది" అని ఒకటే మాట. అరికాళ్లు బొబ్బలెక్కాయి. అక్క ల్యాబు నుంచి వచ్చి, చన్నీళ్ల బేసిను ముందు పెట్టుకుని అమ్మ పాదాలు కడిగింది. కడిగిన పాదాలనే మళ్లీ కడిగింది. ఆ రాత్రి ప్రార్థనలో అమ్మ మీ పేరు ఎత్తబోయి ఆగిపోయింది, మళ్లీ ఎత్తింది.

అందుకని అడుగుతున్నాను. మీరెందుకు రాలేదో చెప్పక్కర్లేదు. వేరే ఎవరినైనా చేసుకుంటే చేసుకోండి. బతికే ఉన్నాను, ఇక రాను, అన్న ఒక్క ముక్క అక్క నంబరుకు పెట్టండి. నంబరు అదే. ఆ ముక్క చూస్తే నాన్న ఆ వీధులు తిరగడం మానుకుంటాడు. అమ్మ ఇంకో శవం దగ్గరికి పరిగెత్తదు. అక్క కాచుకోవడం ఆపుతుంది. మీకు దీనివల్ల పోయేదేమీ లేదు.

ఇట్లు,
ఒకప్పుడు మీ మరదలినని అందరికీ చెప్పుకున్న
షారన్

తా.క. కవరు కొనడానికి కొట్టుకు వెళ్లి వచ్చేసరికి అక్క ఈ కాగితాలు పట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. మొత్తం చదివింది. నన్ను తిడుతుందనుకున్నాను. "నేనేం ఆయన కోసం కాచుకోని లేను షారనూ" అంది.

ఈస్టరు మర్నాడు ల్యాబు ఫోను నుంచి మీకు చేసిందట. మీరు ఎత్తారట. "నేను ఏంజెలిన్ని అన్నా. కొంచేపు ఏం మాట్లాడలా. ఆనక, రాంగ్ నంబరండీ అని పెట్టేసినాడు. నన్ను అండీ అన్నాడు" అంది అక్క.

మరి ఇన్నాళ్లూ మాకెందుకు చెప్పలేదని అరిచాను. "చెబుదామనే అనుకున్నా. అమ్మ రోజూ పేరు పెట్టి ప్రార్థన చేస్తా ఉండె. ఆ పేరు ఇంట్లో వినపడతా ఉంటే నాకు బాగుండింది. ఇంకెవురూ ఎత్తేవాళ్లు కాదు గదా. అది గూడా పోతాదని చెప్పలా. నేను నోరు తెరిచుంటే గురువారం అమ్మ పరిగెత్తేది కాదు" అంది.

పైన నేను మిమ్మల్ని అడిగినదాన్ని కొట్టేయమంది. కొట్టేయడం లేదు, మీరు చదవాలి. కానీ ఇక జవాబు అక్కర్లేదు. నాన్న ఇంకా ఆటో స్టాండు నుంచి రాలేదు, ఆయనకి నేనే చెబుతాను.

అక్క ఇప్పుడే వంటింట్లోకి వెళ్లింది. నేను గోడకి ఇవతల కూర్చుని రాస్తున్నాను, అన్నీ వినబడుతున్నాయి. అక్క చెప్పేసింది. తను ఫోను చేసింది, మీరు ఎత్తింది, రాంగ్ నంబరన్నది, అంతా. అమ్మ ఏడుస్తుందని లేవబోయాను. ఏడవడం లేదు. స్టవ్వు ఆపిన చప్పుడైంది. తర్వాత అడిగింది, "ఆ బిడ్డ గొంతు ఎట్టుండింది మే? బాగుండిందా?"

బాగానే ఉండిందిమా అంటోంది అక్క.