మేడ మీద కిటికీ మూయరాదు

ముందుగా క్షమాపణలు. జగ్గయ్యపేట పురప్రజలకు, నందిగామ పౌరులకు, పప్పుల బజారులో మా నాన్నను గౌరవించే సమస్త వర్తకులకు శిరసు వంచి మనవి చేసుకునేది ఏమనగా, వీలునామా రాసే వయసు రాకుండానే వీలునామా రాస్తున్నందుకు, వరుసలో నా ముందు నిలబడ్డ పెద్దలను తోసుకుని ముందుకు పోతున్నందుకు, ఇంజనీరింగ్ చదివి ఒక్క వంతెనైనా కట్టకుండా పావురాల గూడు ఒక్కటే కట్టినందుకు, చివరికి ఈ చేతిరాతకు కూడా నన్ను క్షమించాలి. ఇంత ఘనంగా క్షమాపణ చెప్పాక కింద ఏం రాసినా చెల్లుతుందని నా నమ్మకం.

జగ్గయ్యపేట కాపురస్తులు, కందిపప్పు పెసరపప్పు టోకు వర్తకులు అయిన కుటుంబరావు గారి ఒక్కగానొక్క కొడుకు, ఇరవై ఆరేళ్ల అవినాష్ అనే నేను, బుద్ధి నికరంగానే ఉండి ఊపిరి మాత్రం సరిగా లేక, ఎవరి బలవంతమూ లేకుండా, మంచం పక్కన ఆక్సిజన్ మిషను గురక పెడుతుండగా, నా తదనంతరం జరగవలసిన వాటి గురించి స్వయంగా రాసిన కాగితం ఇది. దీన్ని అమలు జరిపించే అధికారం మా చెల్లి ఉషశ్రీకి ఇస్తున్నాను. మా ఇంట్లో నాన్నకు ఎదురుచెప్పి కూడా అన్నం తినగలిగేది అదొక్కతే. షరతు ఒకటే. నాన్న, నందిగామ ప్రేమానందం మాస్టారు పక్కపక్కన కూర్చున్నప్పుడే ఇది చదవాలి. ఒకరు లేచిపోతే ఆపేయాలి.

1. నా స్థిరాస్తి: లేదు. చరాస్తి: ఒక మోటారుసైకిలు, ఒక లాప్‌టాప్, కాలేజీ నాటి డ్రాయింగ్ షీట్ల గొట్టం ఒకటి, ప్లాస్టిక్ గుడ్లగూబ ఒకటి, మేడ మీద గూట్లో ఉన్న పందెం పావురాలు. ఇవి హోమర్లు. ఎక్కడ వదిలినా పుట్టిన గూటికే తిరిగొస్తాయి. మొదట చిల్లకల్లులో, తర్వాత నందిగామలో, కంచికచర్లలో, పరిటాలలో, ఇలా దూరం పెంచుతూ వదిలి నేర్పుతాం. పరిటాలలో ఆంజనేయస్వామి ఎదురుగా వదిలేసి నేను బస్సెక్కి ఇంటికి వచ్చేసరికి, అవి ఎప్పుడో వచ్చి నీళ్లు తాగి, ఈయనెవరో అన్నట్టు నన్ను చూసేవి.

2. మోటారుసైకిలు ఉషశ్రీకి. దానితోపాటు నల్ల నెయిల్‌పాలిష్ కొత్త సీసాలు కొనుక్కునే హక్కు కూడా. డేగ పైనుంచి దూకేటప్పుడు భయపడుతుందని పావురాల రెక్కల మీద కళ్లు వేయడానికి దాని సీసాలన్నీ నేనే ఖాళీ చేశాను. ఆ కళ్లు పనిచేశాయో లేదో తెలియదు. కళ్లున్నవీ తిరిగొచ్చాయి, లేనివీ తిరిగొచ్చాయి. రానివాటిని అడగలేకపోయాను.

3. గుడ్లగూబ అమ్మకు. డేగను బెదిరించడానికని నేను తెచ్చిన ఈ బొమ్మ తల మీద ఓ రోజు ఆ డేగే వాలి, ఈకలు సర్దుకుంది. అమ్మ, అంటే పుష్పవతి గారు, ఆ రోజు నవ్వినంతగా మళ్లీ నవ్వలేదు. దాన్ని వంటింటి కిటికీలో పెట్టుకోవాలి. పావురాలంటే అమ్మకు ఏనాడూ పడదు. అయినా నేను మెట్లెక్కలేని రోజు వచ్చాక, సాయంత్రాలు నాతోపాటు మొదటి మెట్టు మీద కూర్చుని, పైన రేకుల మీద కాళ్ల చప్పుడు వినబడితే "వచ్చాయిరా" అనేది. ఆ మాటకు బదులుగా ఇవ్వదగింది నా ఆస్తిలో ఏదీ లేదు.

4. మందుల కొట్టు సతీష్‌బాబుకు ఏమీ ఇవ్వడం లేదు. సాక్షి సంతకం పెట్టినవాడికి ఆస్తి రాయకూడదంటారు. పదో తరగతిలో నా మొదటి జత పావురాలకు పిల్లిని పరిచయం చేసింది వీడే. అందుకే పిలిపించి మరీ సాక్షిని చేశాను.

5. ఇప్పుడు కొంచెం గంభీరమైన క్లాజు. విజయవాడలో డాక్టరు గారు స్కాన్ ఫిల్మును ఇంకా వెలుతురుకు పెట్టకముందే "ఇంట్లో పావురాలున్నాయా?" అని అడిగారు. నాన్న ముఖం వెలిగిపోయింది. అంత పెద్ద డాక్టరు తన పావురాల గురించి అడిగారని ఆయన సంబరం. "ఉన్నాయండి. మామూలువి కాదండి, హోమర్లు," అని మొదలుపెట్టి, తన ముద్దుల పావురం చిట్టెమ్మ పోటీలో కప్పు గెలిచిన కథ దాకా చెప్పుకొచ్చారు. డాక్టరు గారు మంచి మనిషి, అంతా చెప్పనిచ్చారు. ఆ తర్వాత, పావురాల రెట్టల ధూళి, రెక్కల పొడి ఏళ్ల తరబడి పీల్చి నా ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని, ఇక మామూలు కావని చెప్పారు. అందరికీ ఇలా కాదట, కొందరి ఒంటికే పడదట. వచ్చేటప్పుడు కంచికచర్ల దాటాక నాన్న, "నిన్ను మేడెక్కించింది నేనే కదరా," అన్నారు. ఆ మాటకు నా దగ్గర జోకు లేదు. ఇప్పటికీ దొరకలేదు. కనుక చట్టబద్ధంగా ప్రకటిస్తున్నాను: ఈ విషయంలో మా నాన్నకు ఏ బాధ్యతా లేదు. చిన్నప్పుడు ఆయన నా దోసిట్లో పెట్టిన పావురంపిల్ల వెచ్చదనం మీద సర్వహక్కులూ నావి. అవి ఎవరికీ బదిలీ కావు.

6. పావురాలను అమ్మరాదు. "ఒక్కటీ ఉంచను" అని నాన్న ఆ రోజే అన్నారు. వాటి చప్పుడు నేను వింటున్నంతకాలం ఉంచుతారు. ఆ తర్వాత ఒక పూట కూడా ఆగరు. ఆయన సంగతి నాకు తెలుసు. కానీ నాన్నా, వీటిని ఎంత దూరం అమ్మినా, కొన్నవాడి గూటి తలుపు తెరుచుకున్న మొదటి రోజే ఇక్కడికి బయల్దేరతాయి. వచ్చేసరికి మన గూటి కిటికీ మూసి ఉంటే వెళ్లిపోవు, మేడ చుట్టూ తిరుగుతాయి. అలా తిరిగే వాటినే డేగ ఏరుకుంటుంది. చలికాలం ఉత్తరాది నుంచి వచ్చే ఆ పెద్ద డేగ మళ్లీ సెల్‌టవర్ మీద కూర్చుంటోందని, మాస్కు కట్టుకుని మేత వేసి వచ్చిన ఉషశ్రీ చెప్పింది. కనుక ఏం జరిగినా మేడ మీద కిటికీ మూయరాదు.

7. పావురాలన్నిటినీ మా నాన్నకూ ప్రేమానందం మాస్టారికీ ఉమ్మడిగా రాసి ఇస్తున్నాను. విడదీసి పంచుకోవడానికి వీల్లేదు. ఇది నా తిక్క కాదు, పని పద్ధతే అంత. మాస్టారు నందిగామలో వదిలి ఫోను చేయాలి. ఇక్కడ నాన్న మేడెక్కి, జెండా ఊపి డేగను టవర్ మీంచి లేపి, ఈల వేసి పావురాలను నేరుగా కిటికీలోకి దించాలి. వదిలేవాడొకడు, ఆకాశం కాచేవాడొకడు. బడిలో డ్రిల్లు చెప్పిన మాస్టారు, కొట్లో పప్పులు తూచిన నాన్న, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అలాగే ఎగరేశారు. పోయిన జనవరి దాకా.

ఆ జనవరిలో ఏం జరిగిందో తెలియనివారి కోసం రాస్తున్నాను. ఇద్దరూ కలిసి మేడ మీద వల పన్ని డేగను పట్టారు. గంప కింద పెట్టి, పైన కొట్లోని తూకపురాయి ఎత్తారు. రెక్కలు కత్తిరిద్దామని నాన్న. రెక్కలు లేని డేగ ఆకలికి చస్తుందండీ, బస్సులో తీసుకెళ్లి శ్రీశైలం అడవిలో వదిలేద్దామని మాస్టారు. ఏ కండక్టరు దానికి టిక్కెట్టు కొడతాడో చూస్తానని నాన్న. తేలలేదు. అమ్మ అన్నానికి పిలిస్తే ఇద్దరూ దిగారు. భోజనం మధ్యలో నాన్నకు ఫోను వచ్చి వరండాలోకి వెళ్లారు. మాస్టారు ముందుగా తిని చెయ్యి కడుక్కోవడానికి లేచారు. మళ్లీ పైకి వచ్చేసరికి రాయి పక్కన ఉంది, గంప వెల్లకిలా పడి ఉంది, డేగ లేదు. మాస్టారు జాలిపడి వదిలేశారని నాన్న అనుకున్నారు. నాన్న చంపి ఎక్కడో పారేశారని మాస్టారు అనుకున్నారు.

ఆ వారంలోనే చిట్టెమ్మ పరిటాల నుంచి ఒంటరిగా వస్తూ, మా మేడకు రెండిళ్ల అవతల ఉండగా, డేగ టవర్ మీంచి జారింది. నాన్న ఈల వేస్తూనే ఉన్నారు. ఈకలు వచ్చి అమ్మ ఆరబెట్టిన వడియాల మీద పడ్డాయి. నాన్న ఫోను తీసి, "మీ జాలి నా చిట్టెమ్మని తినేసిందండీ మాస్టారూ," అన్నారు. అవతలి నుంచి మాస్టారు, "అది వేరే డేగండి. మనం పట్టినదాన్ని మీరెప్పుడో చంపేశారుగా," అన్నారు. ఇద్దరూ అండీ అనడం మానలేదు. మాట్లాడుకోవడమే మానేశారు. ఆ తర్వాత వచ్చిన పోటీలకు నాన్న ఒక్కరే ఎగరేశారు. ఎన్ని తిరిగి రాలేదో రాయను.

8. ఎగరేసేవారికి నా ఉత్తర్వులు. రోజూ ఒకే వేళకు వదలొద్దు. మీ అలవాట్లు డేగకు మీకంటే బాగా తెలుసు. గూడు ఊడ్చేముందు నీళ్లు చల్లి తడపాలి. మాస్కు లేకుండా ఇద్దరిలో ఎవరూ లోపల అడుగు పెట్టరాదు. ఇందులో మాత్రం ఎకసెక్కం లేదు. నా సప్లిమెంటరీ పరీక్షల గుర్తుగా సప్లీ అని పిలిచే బూడిదరంగు పావురం ప్రతిసారీ అందరికంటే ఆలస్యంగా వస్తుంది. రాదనుకుని కిందికి దిగొద్దు. వస్తుంది.

9. నన్ను తీసుకెళ్లే రోజు ఇంటినిండా జనం ఉంటారు. ఆ హడావుడిలో పావురాలకు నీళ్లు మార్చడం మరచిపోతారు. మరచిపోవద్దు.

10. డ్రాయింగ్ షీట్ల గొట్టం నాన్నకూ మాస్టారికీ కలిపి. మూత ఒకరు పట్టుకుని, గొట్టం ఒకరు పట్టుకుని తీయాలి. లోపల ఒక ఈక ఉంటుంది. పావురానిది కాదు, అడ్డచారలు చూస్తే మీకే తెలుస్తుంది. గంప అల్లికలో ఇరుక్కుని మిగిలింది.

ఆ మధ్యాహ్నం ఆకలిగా లేదని చెప్పి నేను కిందికి దిగలేదు. గూటి లోపల పావురాల దగ్గర ఉన్నాననుకున్నారు, పైగా డేగకు నా అంత శత్రువు ఊళ్లో లేడు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అప్పటికే మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, చల్లగాలి పడలేదనుకుని దగ్గుమందు తాగుతున్నాను. గంప పక్కన కూలబడ్డాను. అల్లిక సందులోంచి చూస్తే అది నోరు తెరుచుకుని, గుండెలు ఎగరేస్తూ ఊపిరి తీసుకుంటోంది. నేనూ అలాగే తీసుకుంటున్నాను. కాసేపు రెండూ ఒకే చప్పుడులా వినబడ్డాయి. కింద వంటింట్లో మీరిద్దరూ ఏదో అనుకుని నవ్వుతున్నారు. మీరు కలిసి నవ్వగా నేను విన్నది అదే ఆఖరు.

డేగ వెళ్లిపోయింది నా వల్లేనని ఆ రోజే చెప్పాల్సింది. మీరిద్దరూ అరుచుకోవడం మొదటిసారి చూసి నోరు పెగల్లేదు. చిట్టెమ్మ పోయాక అసలే పెగల్లేదు. వీలునామాలో ఉన్న సుఖం ఏమిటంటే, చదివేవేళకు రాసినవాడు ఎదురుగా నిలబడక్కర్లేదు. పైన అడిగిన క్షమాపణలన్నీ ఉత్తివి, అవి ఇవ్వకపోయినా ఫర్వాలేదు. చిట్టెమ్మ విషయంలో అడుగుతున్నది మాత్రం అసలుది. మాస్టారు వదల్లేదు నాన్నా. మాస్టారూ, నాన్న చంపలేదండి. రాయి దించి గంప ఎత్తింది నేనే.

జగ్గయ్యపేట, 2025 నవంబరు 23, ఆదివారం.

(సంతకం) అవినాష్

నా ఎదుట, నేను వారి ఎదుట సంతకం చేసిన సాక్షులు:
1. సతీష్‌బాబు, మందుల కొట్టు, జగ్గయ్యపేట
2. ప్రమీలారాణి, నర్సు, నందిగామ