నల్లగుడ్డ కింద ఏ రంగు

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీస్సులు. ఇక్కడ మీ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నువ్వూ నీ గదిలోని అమ్మాయిలూ వేళకు తిని కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. అమ్మ మోకాలు ఇప్పుడు మెట్లు ఎక్కనిస్తోంది, దిగేటప్పుడే పేచీ పెడుతోంది. వంటింటి కుళాయి కారడం మానింది. మానడమంటే, అసలు నీళ్ళే సరిగ్గా రావడం లేదు. ఆసుపత్రిలో మొదటిసారి సూది వేసేటప్పుడు చెయ్యి వణికిందని రాశావు. నేను మొదట బైండు చేసింది ఒక వకీలుగారి పుస్తకం. అట్ట తలకిందులుగా వేసిచ్చాను. చెయ్యి వణికితే ఫరవాలేదు, చూసుకోకుండా చేస్తేనే తప్పు. ఈ మాట రాసే అర్హత నాకుందో లేదో చివరికొచ్చేసరికి నీకే తెలుస్తుంది.

ఇక, నేను పనికి తొక్కుకెళ్తున్న నీ సైకిలు. సెలవులకు వచ్చినప్పుడు వెంట తీసుకెళ్తానన్నావు. "గీతలేమైనా పడ్డాయా నాన్నా?" అని రెండుచోట్ల అడిగావు. మొదటి గీత నీదే కదమ్మా. కొన్నరోజునే సీటు కింది గొట్టం మీద కాంపాసు ములుకుతో ఏదో చెక్కావు. కొత్త పెయింటు పాడుచేశావని కేకలేశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు నువ్వు.

మా బైండింగు షెడ్డు వీధిలో మెరిసే సైకిళ్ళు రెండు పోయాయని రాస్తే, దొంగ కంట పడకుండా మనదాన్ని ఏదైనా చెయ్యమన్నావు. నాకు చేతనైంది అట్ట వెయ్యడమే. కటింగు బాబాయి కూడా తనదానికి వెయ్యమన్నాడు. కాగితాలు కోసే యంత్రం దగ్గర ఉంటాడే, అతనే. రెండూ ఒకే సైజు, ఒకే తయారీ. నీది ఆకుపచ్చ, అతనిది ఎరుపు.

ఆదివారం షెడ్డులో ఇద్దరం కూర్చుని చక్రాలు, సీట్లు, హ్యాండిళ్ళు ఊడదీశాం, పెడళ్ళు ఫ్రేములకే వదిలేశాం. బాబాయి ఇంటికెళ్ళాక నేను పని మొదలుపెట్టాను. పెయింటుకి దెబ్బ తగలకుండా ముందు పాత ట్యూబు పేలికలు చుట్టాను. దానిమీద నల్ల బైండింగు గుడ్డ, మైదా జిగురుతో. ఎలుకలు కొరక్కుండా జిగురులో మైలుతుత్తం కలిపాను. తడి ఆరకముందే బూడిద పులిమాను. ఏది ఎవరిదో చీటీలు రాసి దారంతో కట్టి, రెండు ఫ్రేములూ దూలానికి వేలాడదీశాను.

తెల్లారి వెళ్ళి చూస్తే, జిగురు తడికి దారాలు జారి చీటీలు రెండూ కింద పడి ఉన్నాయి.

అప్పుడే గుడ్డ కోసి చూడవలసింది. అంత పని చేసి మళ్ళీ కొయ్యడానికి మనసొప్పలేదు. కిటికీ వైపుది నీదే అనిపించింది. అనిపించినట్టే బిగించేశాను. బాబాయి వచ్చి చుట్టూ తిరిగి చూసి, "అన్నా, ఇది సైకిలా, కాలిపోయిన నిచ్చెనా?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. చీటీల మాట చెప్పలేదు.

నీ సైకిలు ఎప్పుడూ చప్పుడు చేసేది కాదు. ఆ రోజునుంచి పెడల్ తొక్కితే కిర్రుమంటోంది. జిగురు లోపలికి పోయిందేమో అనుకున్నాను. ఆ కిర్రు బాబాయి సైకిలుదని నా చెవికి తెలుసు. చక్రాలు నీవి, సీటు నీది, గంట నీది, ఇది నీ సైకిలు కాకపోవడమేమిటని నాకు నేనే చెప్పుకుంటూ తొక్కాను.

వారం తిరక్కుండా షెడ్డు వెనకనుంచి బాబాయి సైకిలు పోయింది. తాళం తెంచి పట్టుకుపోయారు. "ఇంత అందవికారంగా చేసినా తీసుకుపోయాడంటే వాడికి నిజంగానే అవసరమన్నా," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, రోజూ గంటసేపు నడిచి వస్తున్నాడు. పోలీసు స్టేషనుకి తోడు వెళ్ళాను. రంగేమిటని ఫిర్యాదు రాసుకునే రైటరు అడిగితే, "పైకి నలుపండీ, లోపల ఎరుపు," అన్నాడు బాబాయి. నేను పక్కనే నిలబడి ఊరుకున్నాను. పది రోజులు ఊరుకున్నాను, తల్లీ. నువ్వు గీతల సంగతి అడిగిన ఉత్తరం వచ్చాకగాని నా చెయ్యి కత్తి మీదికి పోలేదు.

సీటు కింద జానెడు గుడ్డ కోశాను. ఎరుపు.

మర్నాడు సైకిలు నడిపించుకుంటూ వెళ్ళి బాబాయి ముందు నిలబెట్టి అంతా చెప్పాను. వంగి ఆ ఎరుపును గోటితో గీకి చూశాడు. "అయితే పోయింది నాది కాదా?"

"చక్రాలు నీవే. ఫ్రేము అమ్మాయిది."

"మరి ఇది?"

"ఫ్రేము నీది. చక్రాలు అమ్మాయివి."

"నీ దుంపతెగ! పది రోజులు నా సైకిలు మీద కూర్చుని, నేను నడిచి వస్తుంటే గంట కొట్టి పక్కకి తప్పించావు కదన్నా!" అన్నాడు. తిట్టడం తప్పులేదు. సైకిలు ఉంచుకోమంటే, అమ్మాయి చక్రాలు తనకొద్దన్నాడు. నన్ను తీసుకెళ్ళమంటే, నీ ఫ్రేము నాకొద్దన్నాను. అది ఇప్పుడు షెడ్డులో గోడకి ఆనుకుని ఉంది. ఇద్దరం నడిచే వస్తున్నాం.

ఫిర్యాదు మార్పించడానికి మళ్ళీ వెళ్ళాం. రైటరు కలం కింద పెట్టి, "ఇంతకీ పోయింది ఎవరిదయ్యా?" అన్నాడు. నేను బాబాయిని చూపించాను, బాబాయి నన్ను చూపించాడు. పైన నలుపు, లోపల ఆకుపచ్చ అని రాసుకుని, కొండగుర్తేదైనా ఉందా అని అడిగాడు. సీటు కింద మా అమ్మాయి ఏదో చెక్కిందన్నాను. ఏం చెక్కిందన్నాడు.

నాకు తెలియదు. ఆ రోజు కేకలు వేశానేగాని చదవలేదు. అట్ట వేసేటప్పుడూ వేలికి తగిలింది. రెండు వరసలు. ముప్పై ఏళ్ళుగా చేతికొచ్చిన పుస్తకం చదవకుండా కుట్టే అలవాటు. దానిమీదా అలాగే చుట్టేశాను.

నన్ను ఏమైనా అను, పడతాను. ముందు మాత్రం అక్కడ ఏం రాశావో అక్షరం పొల్లుపోకుండా రాసి పంపు. స్టేషనులో చెప్పాలి. వాళ్ళకు అక్కర్లేకపోయినా రాయి.

ఇట్లు,
చూసుకోకుండా అట్ట వేసిన
నీ నాన్న