పెద్దముల్లు రాసిన ఒక్క వాక్యం

డెబ్బై మూడేళ్ల వయసులో, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి ప్రోద్బలమూ బెదిరింపూ లేకుండా నా ఇష్టపూర్వకంగా రాస్తున్న వీలునామా ఇది. మోకాళ్లు మొరాయించినా బుర్ర బాగానే ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జత చేశాను. ఇది చదవగానే నా తమ్ముడు "అక్కకు మతి చెడింది" అంటాడని తెలిసే ఆ కాగితం తీసుకున్నాను. నేను గడియారాలు బాగుచేసే ఇంటి పెద్దకూతుర్ని. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పాను. పెళ్లి చేసుకోలేదు, ఆ కారణాలు ఇక్కడ అనవసరం.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత మా వీధి గ్రంథాలయాధికారిణికి అప్పగిస్తున్నాను. ఆవిడ మొహమాటపడే మనిషి కాదు. మా తమ్ముడితో వ్యవహారానికి అలాంటి మనిషే కావాలి.

2. నా ల్యాప్‌టాప్ తమ్ముడి కూతురికి చెందాలి. అరవై ఐదో ఏట నాకు టైపు చేయడం నేర్పి, అందరూ కలిసి రాసే ఆ ఆన్‌లైన్ విజ్ఞానసర్వస్వంలో "పెద్దముల్లు" అనే పేరుతో ఖాతా తెరిపించింది తనే. "అత్తా, భయపడకు, తప్పు రాస్తే ఎవరో ఒకరు దిద్దుతారు" అంది. ఆ మాట నమ్మి చెడ్డాను. ఖాతా మాత్రం తనకు రాదు. ఒకరి ఖాతా మరొకరు వాడకూడదన్నది అక్కడి నియమం.

3. ఇది ఆస్తి కాదు, వాంగ్మూలం. నాన్న దుకాణంలో ఒక భాగస్వామి ఉండేవాడు. ఎడమచేతివాటం మనిషి, నేను చిన్నాన్న అని పిలిచేదాన్ని. ఆయన కూతుర్నీ నన్నూ నాన్న చిన్నముల్లు, పెద్దముల్లు అని పిలిచేవాడు. మా ఊరి గడియార స్తంభం పదకొండేళ్లు ఆగిపోయి మళ్లీ నడిచింది. దాన్ని నాన్నే బాగుచేశాడని మా ఇంట్లో చెప్పుకునేవారు. నాన్న ఔననలేదు, కాదనలేదు. నేను నా మొదటి వ్యాసం ఆ స్తంభం మీదే రాసి, గడియారాన్ని నడిపించిన ఘనత నాన్నకు కట్టబెట్టాను. ఆ సంగతి ఎక్కడిదో చూపే మూలం ఇవ్వలేదు. ఇవ్వాలని అప్పటికి తెలియదు.

ఆ నెలలోనే ఒక విలేకరి గడియారం గురించి వార్త రాస్తూ నా వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించేశాడు. తర్వాత "వడపోత" అనే పేరుతో రాసే ఒకాయన వచ్చి, నా వాక్యానికి ఆ వార్తనే మూలంగా తగిలించాడు. చూశారా? నా నోటి మాటే పత్రికాఫీసుకు వెళ్లి, కోటు తొడుక్కుని తిరిగొచ్చి, నాకే సాక్ష్యం చెప్పింది!

చిన్నముల్లు ఫోన్ చేసింది. "అక్కా, ఆ స్తంభం ఎక్కింది మా నాన్న. ఆ మెట్ల మీద పడి కాలు విరగ్గొట్టుకుందీ మా నాన్నే. నువ్వే ఇలా రాస్తావా?" అంది. నాకు రోషం పొడుచుకొచ్చింది. "మూలం చూపించు" అన్నాను. ఆ మాట అప్పుడే కొత్తగా నేర్చుకున్నాను మరి. ఫోన్ పెట్టేసింది. ఆ రోజు నుంచి మా గడప తొక్కలేదు.

మూడేళ్లకు, దుకాణం ఖాళీ చేస్తుంటే నాన్న పనుల పుస్తకం దొరికింది. నాన్న చేతిరాతే. "స్తంభం పని పూర్తి. మొత్తం ఎడమచేతివాడే చేశాడు. నేను దీపం పట్టుకున్నాను."

వెంటనే నా వాక్యం తీసేశాను. పది నిమిషాల్లో వడపోత మళ్లీ పెట్టేశాడు. "మూలమున్న సమాచారం తొలగించరాదు" అట! చేతిరాత పుస్తకం చెల్లదట, అచ్చయింది కావాలట. "రాసిందే నేను బాబూ, తప్పని నేనే చెబుతున్నాను" అని చర్చాపేజీలో మొత్తుకున్నాను. పత్రికాఫీసుకు వెళ్తే విలేకరి "నెట్‌లో ఉంది కదమ్మా, పాత వార్తలు మేం సవరించం" అన్నాడు. వాళ్లు వీళ్లను చూపిస్తారు, వీళ్లు వాళ్లను చూపిస్తారు. ఐదేళ్లు! పట్టు వదలనందుకు రెండుసార్లు వారం చొప్పున నన్ను నిషేధించారు కూడా.

ఇక నా ఘనకార్యం కూడా చెప్పాలి. అంతకుముందు మూడేళ్లలో మూలం లేదని ఇతరుల వాక్యాలు నాలుగొందలకు పైగా కొట్టేశాను. అక్కడ రాసేవాళ్లు నన్ను కత్తెర అంటే మురిసిపోయాను. వాటిలో ఎన్ని నిజాలున్నాయో, ఎందరు చిన్నముల్లులు ఫోన్లు పెట్టేశారో నాకు తెలియదు. తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

4. ఇంట్లో నా వాటా తమ్ముడికే. కోపం కోపమే, వాటా వాటాయే. అతను ఆ వార్తకు పటం కట్టించి హాల్లో తగిలించుకున్నాడు. పుస్తకం సంగతి చెబితే "నాన్న పరువు వీధిలో పెడతావా?" అన్నాడు. దీపం పట్టుకున్నానని నాన్నే రాసుకుంటే నీకెందుకురా సిగ్గు? అదే కొలతల పటంలో ఆ పేజీ నకలు కట్టించి ఉంచాను, అది కూడా అతనికే. అక్షరాలు కనబడవంటాడేమో, నాన్న కంటికి పెట్టుకునే భూతద్దం కూడా ఇవ్వండి.

5. వడపోత గారెవరో, ఎక్కడుంటారో తెలియదు. ఆయన మీద కోపం చల్లారలేదు. అయినా నా మొదటి వ్యాసంలో డెబ్బై తప్పులు దిద్ది, ఒక్కటీ ఎత్తిపొడవనిది ఆయనే. నా నిఘంటువు రెండు సంపుటాలూ ఆయనకు. చిరునామా ఇవ్వకపోతే గ్రంథాలయంలో ఉంచండి.

6. పనుల పుస్తకం గ్రంథాలయానికి. కాలేజీలో చరిత్ర చెప్పే మాస్టారు దాన్ని పరీక్షించి, గ్రంథాలయ పత్రికలో వ్యాసం అచ్చువేస్తానని ఒప్పుకున్నారు. నా మాటే నిజమని రాయాలన్న షరతు లేదు. అచ్చయ్యాక కూడా మా రెండు కుటుంబాల్లో ఎవరూ స్తంభం వ్యాసాన్ని ముట్టుకోకూడదు. సంబంధం లేని మనిషే దిద్దాలి. అదీ నియమమే, తిట్టుకుంటూనే పాటిస్తున్నాను.

7. దుకాణంలో మిగిలిపోయిన చిన్నాన్న చిన్న స్క్రూడ్రైవర్ చిన్నముల్లుకు. పిడి ఎడమచేతి బొటనవేలికి తగ్గట్టు అరిగి ఉంటుంది. ఇన్నాళ్లూ నా దగ్గర ఉండాల్సింది కాదు. క్షమించమని అడగను. మూలం చూపించమన్న నోటితో ఏం అడగను?

8. ప్రతి వ్యాసం వెనకా చరిత్ర పేజీ ఒకటుంటుంది. ఎవరు ఏం రాశారో, ఏం తీసేశారో తేదీతో సహా అందులో ఉంటుంది. నా పరువు కోసం అందులో ఏదీ దాచమని ఎవరూ కోరకూడదు. చిన్నముల్లు ఎప్పుడైనా ఆ పేజీ తెరిస్తే, అబద్ధం రాసింది పెద్దముల్లేనని ఒక్కసారి కనిపిస్తుంది. దాన్ని కొట్టేయబోయింది పెద్దముల్లేనని నలభై ఒక్కసారి కనిపిస్తుంది.

2023 మార్చి 16, గురువారం, గ్రంథాలయం చదువుల గదిలో, చదివి వినిపించాక చేసిన సంతకం:
గడియారాల ఇంటి పెద్దకూతురు

మా ఎదుటే సంతకం చేశారు:
కింది వాటాలో మందుల దుకాణం ఆయన
గ్రంథాలయంలో పుస్తకాలకు బైండింగు చేసే ఆవిడ