కంప్యూటర్ తెరుచుకునేలోగా

1వ తేదీ, సోమవారం. సాయంత్రం 7:05

స్విచ్ నొక్కాను. మా కంప్యూటర్ పూర్తిగా తెరుచుకోవడానికి పదకొండు నిమిషాలు పడుతుంది. ఇన్నాళ్లూ ఆ పదకొండు నిమిషాలూ గోళ్లు కొరుక్కునేవాణ్ణి. ఇవాళ్టి నుంచి డైరీ రాస్తాను.

దీనికి తొమ్మిదేళ్లు నిండాయి. మా ఆవిడ ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. సీనియర్ కావాలంటే ఏడాదికి ఒక్కసారే పెట్టే ఆన్‌లైన్ పరీక్ష ఇంటి నుంచి రాయాలి. కెమెరా ముందు కూర్చోవాలి. మధ్యలో ఆగిందంటే అంతే సంగతులు, మళ్లీ ఏడాది. పోయినేడాది నలభై ఒకటో ప్రశ్న దగ్గర తెర నీలంగా మారి బిగుసుకుపోయింది. ఆ రోజు నేనన్నాను: "కొత్తది కొనాలో, దీన్నే బాగు చేయించాలో, చూద్దాం." అప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాను. మాతోనే ఉండే అత్తయ్య నాకు చూద్దాంగారు అని పేరు కూడా పెట్టేశారు.

ఈసారి పరీక్ష 14న, ఆదివారం. కాబట్టి నా ప్రతిజ్ఞ:
1. 7వ తేదీ సాయంత్రం ఆరింటికల్లా తాడోపేడో తేల్చేస్తాను. కొత్తదా, మరమ్మతా.
2. చూద్దాం అనే మాట నోట రాదు.

ఇదేమన్నా బ్రహ్మవిద్యా! నా ఉద్యోగమే కళ్లద్దాల షాపులో చూపు పరీక్షించడం. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా? ఇది బాగుందా?" అంటాను. రెండు సెకన్లలో తేల్చేస్తారు. నేను తేల్చలేనా!

7:16. తెరుచుకుంది.

2వ తేదీ, మంగళవారం. 7:02

హుషారుగా ఉంది. పద్ధతిగా వెళ్తున్నాను. ముందు, ఈ ఇంట్లో కంప్యూటర్‌తో ఎవరికేం పని?
మా ఆవిడ: చదువు, నమూనా పరీక్షలు.
నేను: కరెంటు బిల్లు, పాత పాటలు, ఫొటోలు.
అత్తయ్య: పేకాట.

అత్తయ్యను ఇంటర్వ్యూ చేశాను. ఆవిడకు ఏ ఇబ్బందీ లేదట. స్విచ్ నొక్కి స్నానానికి వెళ్తారట, తల తుడుచుకుంటూ వచ్చేసరికి ముక్కలు పంచి ఉంటాయట.

ఇప్పుడు పద్నాలుగు గడుల పట్టిక ఒకటి తయారు చేస్తాను. వేగం, ఆయుష్షు, చప్పుడు, బరువు, అన్నీ.

8:20. తొమ్మిదో గడి నింపుతుండగా బిగుసుకుపోయింది. పట్టిక దాచుకోలేదు. ఫరవాలేదు, అంతా నా బుర్రలో ఉంది.

3వ తేదీ, బుధవారం. 7:10

షాపు నుంచి వస్తూ మా వీధి చివర రిపేరు షాపుకు వెళ్లాను. అతను ఎప్పుడూ చెవి మీద స్క్రూడ్రైవర్ పెట్టుకుని ఉంటాడు. నేను లక్షణాలు చెప్పాను, అతను అరనిమిషంలో తేల్చేశాడు. రోగమంతా పాత డిస్క్‌దేనట. దాన్ని తీసి ఈ కాలపు రకం పెట్టి, మెమరీ రెట్టింపు చేస్తే చాలట. గంట పని. ఫైళ్లన్నీ ఉన్నవి ఉన్నట్టే కొత్తదాంట్లోకి ఎక్కిస్తాడట. పాటలకీ పరీక్షలకీ పేకాటకీ ఇంకో నాలుగేళ్లు ఢోకా లేదన్నాడు.

నేను గాల్లో తేలుతూ బయటికొచ్చాను. తేలిపోయినట్టే!

అయితే ఒక మాట రెండో చోట కూడా అడగడం పద్ధతి కదా. మెయిన్ రోడ్డు మీద పెద్ద షోరూముకు వెళ్లాను. అక్కడి సేల్స్‌మన్ నా వైపు జాలిగా చూసి, తొమ్మిదేళ్లదానికి మరమ్మతేమిటి సార్ అన్నాడు. అదీ నిజమేననిపించింది.

ఇద్దరిదీ నిజమే. ఇప్పుడేం చేయను?

4వ తేదీ, గురువారం. 7:08

ఇవాళ పెద్దాయన ఒకరు కుర్చీలో కూర్చుని, ఏ అద్దం పెట్టినా "రెండూ బాగానే ఉన్నాయి బాబూ" అన్నారు. అలా అంటే కుదరదండీ, ఏదో ఒకటి చెప్పాలి, మీ కళ్లు కదా అని కాస్త గట్టిగానే అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు ఏదో గుర్తొచ్చింది. ఏమిటో గుర్తు రాలేదు.

ఫ్రేముల కౌంటర్లో ఉండే ఆవిడను అడిగాను. కొత్తది కొనమంది. మా మేనేజరు మరమ్మతన్నాడు. అద్దాలు తెచ్చే డ్రైవరు, అసలు ఇంట్లో కంప్యూటర్ దేనికండీ అన్నాడు. మూడో పక్షం కూడా తయారైంది.

ఇంటికి రాగానే మా ఆవిడ తేలిందా అని అడిగింది. "చూ" వరకూ అని దగ్గాను.

5వ తేదీ, శుక్రవారం. 7:30

దగ్గు నిజంగానే పట్టుకుంది. ఒంట్లో బాగాలేనప్పుడు పెద్ద నిర్ణయాలు తీసుకోకూడదు.

6వ తేదీ, శనివారం. ఉదయం 10:15

మా ఆవిడ నమూనా పరీక్ష రాయడానికి కూర్చుంది. ఇరవై రెండో ప్రశ్న దగ్గర ఆగిపోయింది. కేకలేస్తుందనుకున్నాను. వేయలేదు. పుస్తకం మూసి, నా వైపు తిరిగి నెమ్మదిగా అంది:

"పోయినసారి ఆగింది ఇదొక్కటే కాదండీ. నేనూ ఆగిపోయాను. నా తర్వాత చేరినామె కింద ఏడాదిగా పనిచేస్తున్నాను."

రేపు సాయంత్రం ఆరింటికల్లా అన్నాను. సరేనని వెళ్లి బట్టలు ఆరేసుకుంది. అరిచినా బాగుండేది.

7వ తేదీ, ఆదివారం. గడువు రోజు. సాయంత్రం 5:10

ఇంకా యాభై నిమిషాలుంది. కంగారేం లేదు.

5:25. కంప్యూటర్ కేబినెట్ మూత విప్పాను. అమ్మో! లోపల దుమ్ము దూదిలా పేరుకుపోయింది. ఫ్యాను రెక్కలే కనబడడం లేదు. అసలు రోగం ఇదన్నమాట! రిపేరు షాపు స్క్రూడ్రైవర్ చెప్పనేలేదు.

5:55. లెన్సులు తుడిచే బ్రష్షుతో తొమ్మిదేళ్ల దుమ్ము దులిపాను. అత్తయ్య తుమ్ముతూ బాల్కనీలోకి పారిపోయారు.

6:00. ప్రకటన: దుమ్ము దులిపిన ఫలితం తెలియకుండా తొందరపడడం తెలివితక్కువ. గడువు బుధవారానికి మార్చాను. ఇది వాయిదా కాదు, పరిశీలన.

6:12. ఇప్పుడు పది నిమిషాల నలభై సెకన్లకు తెరుచుకుంది. ఇరవై సెకన్ల లాభం! చూపిద్దామని మా ఆవిణ్ణి పిలిచాను. గడియారం వైపు చూసి, నా వైపు చూసి, వంటింట్లోకి వెళ్లిపోయింది. వంటింట్లో తల్లీకూతుళ్లు చాలాసేపు గుసగుసలాడుకున్నారు. నా దగ్గు గురించే అయ్యుంటుంది.

8వ తేదీ, సోమవారం. 7:05

అదే పది నిమిషాల నలభై. శుభ్రం చేసిన ఫలితం మెల్లమెల్లగా తెలుస్తుందనుకుంటా.

9వ తేదీ, మంగళవారం. 7:04

స్విచ్ నొక్కి పెన్ను మూత తీశా

అప్పుడే తెరుచుకుంది! పన్నెండు సెకన్లు!

దుమ్మే! నేను చెప్పలేదూ!

10వ తేదీ, బుధవారం. షాపులో, మధ్యాహ్నం

ఇంట్లో రాయడానికి వ్యవధే ఉండడం లేదు, అంత వేగంగా ఉంది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మిగిలిన కాస్త దుమ్మునూ ఫ్యాను తనంతట తనే బయటికి ఊది ఉంటుందన్నది నా సిద్ధాంతం. షాపులో అందరికీ వివరించాను. ఫ్రేముల ఆవిడ వాళ్లింటి కేబినెట్ తెస్తానంది. తెమ్మన్నాను. ఈ లోకంలో సగం కంప్యూటర్లను అన్యాయంగా పారేస్తున్నారని మేనేజరుకు చెప్పాను.

నిన్న అత్తయ్య, పేకముక్కలు టపటపా పడుతుంటే, "అంతా మీ చేతి చలవే అల్లుడుగారూ" అన్నారు. మా ఆవిడకు ఉన్నట్టుండి పొలమారింది. పాపం, రోజూ ఆ చదువుతో అలిసిపోతోంది.

నిర్ణయం: ఏ నిర్ణయమూ అవసరం లేదు. ఇంత సొగసుగా ఏ సమస్యా తీరలేదు.

11వ తేదీ, గురువారం. 7:03

పన్నె

12వ తేదీ, శుక్రవారం. సాయంత్రం 6:40, పార్కు బెంచీ మీద

నా మొహం మాడిపోయింది.

స్క్రూడ్రైవర్ దగ్గరికి కాస్త కోతలు కోసి వద్దామని వెళ్లాను. నేను నోరు తెరిచేలోపే అతను, "మేడమ్‌గారికి ఇప్పుడు స్పీడు బాగుందా సార్?" అన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం ఆవిడ సెలవు పెట్టి, కేబినెట్‌ను దుప్పటిలో చుట్టి, చంటిపిల్లలా ఎత్తుకుని పట్టుకొచ్చిందట. పక్కన వైర్ల సంచీతో పెద్దావిడ కూడా ఉన్నారట. కొత్త డిస్క్, రెట్టింపు మెమరీ, గంట పని. పెద్దావిడ తన పేకాట పోకుండా చూడమని మూడుసార్లు చెప్పారట. "లోపల మాత్రం దుమ్ము లేదు సార్, శుభ్రంగా ఉంది" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు.

లోకంలో సగం కంప్యూటర్లు! చేతి చలవ! ఎక్కడైనా దాక్కోవాలనుంది. రేపు ఫ్రేముల ఆవిడ కేబినెట్ తెస్తుంది.

13వ తేదీ, శనివారం

ఇంట్లో ఏమీ అనలేదు. రేపు పరీక్ష పెట్టుకుని నా గొడవ ఎందుకు? ఫ్రేముల ఆవిడ కేబినెట్ మాత్రం మోసుకెళ్లి స్క్రూడ్రైవర్‌కు ఇచ్చాను.

14వ తేదీ, ఆదివారం. ఉదయం 10:00, గది బయట

తలుపు మూసుకుంది. కెమెరాలో వేరే మనిషి కనబడకూడదు. నేను గుమ్మం బయట స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాను. అత్తయ్య రేడియో ఆపేశారు.

10:50. ఈపాటికి నలభై ఒకటికి వచ్చి ఉంటుంది. లోపల్నుంచి మౌస్ చప్పుడు. టిక్. టిక్. ఆగిపోయింది. దేవుడా.

టిక్.

11:32. తలుపు తెరుచుకుంది. పాసయ్యానంది. తెర మీదే చూపించేశారట. నలభై ఒకటో ప్రశ్నకు జవాబు తెలిసినా, తెర మళ్లీ నీలంగా మారుతుందేమోనని కాసేపు నొక్కకుండా ఆగిందట. అత్తయ్య కూతురి తల నిమిరి, కళ్లు తుడుచుకుని, పేకాటకు కూర్చున్నారు.

నేను అంతా తెలిసిపోయిందని ఒప్పుకున్నాను. నాకొక మాట చెప్పకూడదా అన్నాను.

ఆవిడ నా స్టూలు మీద కూర్చుంది. "మీ కుర్చీలో కూర్చున్నవాళ్లకి తేల్చుకోడానికి ఎంతసేపు ఇస్తారు?"

"రెండు సెకన్లు."

"నేను మీకు ఏడాది ఇచ్చానండీ."

కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది. నిజంగా సిగ్గేసింది. తప్పు నాదేనన్నాను, ఇక ఎప్పుడూ ఇలా జరగదన్నాను. "దుమ్ము బాగా దులిపారులెండి, అతను కూడా మెచ్చుకున్నాడు" అని నవ్వింది. ఆ నవ్వు చూసి ఏడాదయింది.

15వ తేదీ, సోమవారం. సాయంత్రం 7:05, పెరట్లో

డైరీకి కొత్త చోటు దొరికింది. మా బట్టలుతికే మిషను పని ముగించడానికి గంటా పది నిమిషాలు పడుతుంది. మధ్యమధ్యలో పిచ్చెక్కినట్టు ఊగుతూ గోడ దగ్గర్నుంచి తలుపు దాకా నడిచొస్తుంది. మనిషి దాని మీద కూర్చోవాలి. ప్రస్తుతం నేను కూర్చున్నాను. అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి.

దీనికి పదమూడేళ్లు. కొత్తదా, మరమ్మతా? ఈసారి మీనమేషాలు లెక్కించేది లేదు. ప్రతిజ్ఞ: 21వ తేదీ, ఆదివారం సాయంత్రం ఆరింటికల్లా తేల్చేస్తాను. నేనే తేల్చేస్తాను. పట్టికలుండవు. ఎవరినీ అడగను.

7:40. మా ఆవిడా అత్తయ్యా టేపు పట్టుకుని వచ్చారు. నన్ను కాస్త కాళ్లు పైకెత్తమని, మిషను వెడల్పూ ఎత్తూ కొలిచి కాగితం మీద రాసుకున్నారు. ఎందుకని అడిగాను. ఊరికేనట.

వాళ్లు కొలుచుకుంటే కొలుచుకోనీ. నాకు ఆదివారం దాకా గడువుంది.