పేరు చెబితే చాలన్నారు

సెనువారా అక్కా,

సలాం. కొట్లో బేరాలు తగ్గాయని ఫోన్లో గబగబా టైపు చేస్తున్నా. మొన్న శనివారం సిడ్నీలో నా మొదటి ఓటు వేశా! ఇక్కడ పౌరుడైతే ఓటు వెయ్యాల్సిందే, మానేస్తే జరిమానా. "మనం పుట్టిన అరకాన్‌లో సర్కారువాళ్ళు మీరు ఈ దేశంవాళ్ళే కాదన్నారు, ఇక్కడేమో వెయ్యకపోతే ఊరుకోరట!" అని నీ మరదలు రొమిదా ఒకటే నవ్వు.

ఎండుచేపల కొట్టు మూసి, అరకాన్ నుంచి మోసుకొచ్చిన కాగితాల సంచీ ఓటు వేసే చోటికి పట్టుకెళ్ళా. తాత పొలం పట్టా దగ్గర్నుంచి అన్నీ బల్ల మీద పరుస్తుంటే అక్కడ పేర్లు చూసే పెద్దావిడ ఆపేసింది.

"ఇవన్నీ ఎందుకు బాబూ? నీ పేరు, ఇల్లు ఎక్కడో చెప్పు చాలు."

చెప్పా. నమ్మేసింది!

వెనక వరసలోంచి రొమిదా, "అంత తేలిగ్గా నమ్మేసిందేంటి? ఇంకోసారి అడగమనండి!" అంది.

పాస్‌పోర్టు కూడా వచ్చిందక్కా. రంజాన్‌కి ముందే మీ శరణార్థుల క్యాంపుకి వస్తా, తమలపాకులు సిద్ధంగా ఉంచు. ఆ సంచీ నీకే తెస్తున్నా. అందులో మన ఇంట్లోవాళ్ళందరినీ సర్కారు రాసుకున్న కుటుంబం కాగితంలో నీ పేరుంది. నువ్వు నోటితో చెబితే నమ్మే రోజు వచ్చేదాకా దాన్ని తడవకుండా దాచుకో.

నీ తమ్ముడు