నీ పెళ్లి కింద మూడు వరుసలు

శ్రీనూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్నే మొయినాబాద్‌లో మా అత్తగారింటి నుంచి చేవెళ్ల మన ఇంటికి వచ్చాను. నీ బండి పడిన మలుపు దగ్గర ఆటోలో కళ్లు మూసుకున్నాను.

సంవత్సరీకం భోజనాలయ్యాక బాపు మన ఇంటి పుస్తకం తెచ్చాడు. పుట్టుకలూ పెళ్లిళ్లూ చావులూ తాత కాలం నుంచి అందులోనే రాస్తున్నాం కదా. మనల్ని కన్న అవ్వ పోయినప్పుడు తానే రాసిన మనిషి, "నాతోని కాదు. నువ్వే రాయి బిడ్డా" అన్నాడు.

నీ పెళ్లి రాసిన రోజు, మనింటి అలవాటు ప్రకారం, పుట్టబోయే పిల్లల పేర్ల కోసం కింద మూడు వరుసలు వదిలాడు. "ముగ్గురెందుకు బాపు, ఇద్దరు చాలు" అని నవ్వావు. నాలుగు నెలలు కూడా కాపురం చేయలేదు. లావణ్యకు శంకర్‌పల్లిలో వాళ్లవాళ్లు మళ్లీ సంబంధం చూస్తున్నారు.

నేను పెళ్లి కిందే పెన్ను పెట్టాను. బాపు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆడ కాదు బిడ్డా. అది పిల్లల జాగ."

మూడు వరుసలు వదిలి, నాలుగో వరుసలో నీ చావు రాశాను.

ఆ పుస్తకంలో ఇక రాయాల్సింది బాపుది ఒక్కటే. అదీ నేనే రాయాలి.

అక్క