ఎక్కని టైరు

లంబసింగి,
1927 ఫిబ్రవరి 9, బుధవారం.

ప్రభువునందు ప్రియుడైన బావమరది ఎలీయేజరుకు,

నీ బావ యెహోషువ ఈ కొండ చలిలోంచి పంపే వందనాలు, దీవెనలు. ఇక్కడ మేమందరం దేవుని కృపవల్ల క్షేమం, ఒక్క సైకిలు తప్ప. అనకాపల్లిలో నువ్వూ, చెల్లెమ్మా, పిల్లలూ కులాసాగా ఉన్నారని, నీ సైకిలు కొట్టు బాగా నడుస్తోందని తలుస్తాను. నాకు పంపిన సరుకే అందరికీ అమ్ముతుంటే మాత్రం అది ఎక్కువకాలం నడవదు.

ఈ ఉత్తరం మీ అక్క చేత రాయిస్తున్నాను. నా చేతులు రెండూ బొబ్బలెక్కి కలం పట్టుకునే స్థితిలో లేవు. ఆ బొబ్బలు ఎలా వచ్చాయో చెప్పడానికే ఈ ఉత్తరం. అక్షరాలు ఆమెవి గానీ కోపం నాది. చదివేటప్పుడు అది గుర్తుంచుకో.

నువ్వు మల్లేశు బండి మీద పంపిన టైరు అందింది. అందిన రోజు ఎంత సంబరపడ్డానో చెప్పలేను. కొత్త రబ్బరు వాసన చూసి, పిల్లలందరి చేతా వాసన చూపించి, ఆ పూట బడికి సెలవిచ్చేశాను. ఆ సెలవు ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే మండుతోంది.

టైరు ఎక్కదు. ఇదీ సంగతి. ఒక అంచు రిమ్ములో కూర్చుంటుంది. రెండో అంచు ముప్పాతిక చక్రం దాకా మర్యాదగా వచ్చి, మిగిలిన జానెడు మేర మొండికేస్తుంది. అటు నొక్కితే ఇటు లేస్తుంది. ఇటు మోకాలు పెడితే అటు జారిపోతుంది. నువ్వు పంపిన ఇనప బద్దలు రెండూ వంగిపోయాయి. తర్వాత అట్లకాడ తీసుకున్నాను. అది విరిగింది. ఇది రాయవద్దని మీ అక్క అంటోంది. రాయమన్నాను. అట్లకాడ విరిగినందుకు ఆమె నాతో ఒక రోజంతా ముభావంగా ఉంది, దానికి కారకుడివి నువ్వు.

ఊచల మొనలు ట్యూబుకి గుచ్చుకోకుండా రిమ్ము చుట్టూ వేసే పట్టీ సంగతి నువ్వు అడుగుతావని తెలుసు. పాత రబ్బరు పట్టీ చీకిపోయింది. మీ అక్క గుడ్డతో కొత్తది కుట్టిపెట్టింది. చక్కగా, దిట్టంగా ఉంది. దానికి వంక పెట్టే పని లేదు. తప్పంతా టైరుది, దాన్ని చేసినవాడిది, చూడకుండా పంపినవాడిది.

మొదట చలి వల్ల బిగుసుకుందేమో అనుకున్నాను. ఇక్కడి చలి నీకు తెలియనిది కాదు, తెల్లవారి కుండలో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. టైరును మధ్యాహ్నం దాకా ఎండలో పెట్టాను. వేడినీళ్ళలో నానబెట్టాను. కుంకుడు రసం పట్టించాను. ఆ నురుగుతో నేనూ, వరండా, నా ఒక్కగానొక్క కోటూ శుభ్రపడ్డాం, టైరు మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా వరండాలో చేరింది. ఊరిపెద్ద పోతురాజు చక్రం చుట్టూ ఒకసారి తిరిగి చూసి, సక్రానికి సెప్పు సిన్నదైపోనాది మేస్టరుగోరూ, ఇంకో సెప్పు తెప్పించండి అన్నాడు. అయినా తానూ ఒక చెయ్యి వేశాడు. అడవిలో దుంగను లాగినట్టు అటు ముగ్గురూ ఇటు ముగ్గురూ పట్టుకుని, ఒక్క గొంతుతో పాట అందుకుని లాగారు. పాట బాగా కుదిరింది. ట్యూబు నలిగి చిల్లి పడింది.

మల్లేశు ఇంకొక ఉపాయం చెప్పాడు. బండి చక్రానికి ఇనప పట్టా ఎలా వేస్తారో నీకు తెలుసు కదా, ఎర్రగా కాల్చి, వ్యాకోచించాక తగిలించి, నీళ్ళు పోస్తారు. ఏటుంది మేస్టరుగోరూ, ఇనపట్టాకి సేసినట్టే దీనికీ సేసీద్దారి, బేగి ఎక్కీసుద్ది అన్నాడు. నేను చదువుకున్నవాణ్ణి, రబ్బరూ ఇనుమూ ఒకటి కావని పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. కానీ అప్పటికి నాలో వివేకం అనేది మిగల్లేదు. సరే అన్నాను. పొయ్యి చుట్టూ టైరును తిప్పుతూ కాచాం. కంపుకి ఊళ్ళో కుక్కలన్నీ కొండెక్కాయి. ఒక పక్క రబ్బరు బుడగలుగా పొంగింది. ఇప్పుడది బిగుతు టైరే కాక కాలిన టైరు కూడా.

ఇవన్నీ చూస్తూ గడపలో కూర్చున్న యర్రమ్మ, వారం వారం మాకు కూరగాయలు తెచ్చే ముసలమ్మ, ఏటి బావూ ఆ సక్రంతో కుస్తీ పడతన్నారు, సైకిల్లేనప్పుడు నడిసెల్లినట్టే ఎల్లిపోతే ఈపాటికి పోయి వొచ్చీసుందురు కదా అంది. అందరూ నవ్వారు. మీ అక్క కూడా నవ్వింది. నేను లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను.

నవ్వులాట కాదయ్యా. మిషన్ దొరగారు ఈస్టరుకు ముందు కొండెక్కి వస్తారు. సైకిలు తిరుగుతూ కనపడితే సరి, మూల పడి ఉంటే చింతపల్లి వైపు కొత్తగా వేసిన ఉపాధ్యాయుడికి ఇచ్చేస్తామని పోయిన రాకలోనే చెప్పారు. అతను మీసాలు కూడా సరిగా రాని కుర్రవాడు. ఈ రోడ్డు మీద మొదట సైకిలు తొక్కింది నేను. దిగువ గూడేల్లో గంట వినపడగానే, మన మేస్టరు వచ్చాడంటూ పిల్లలు పలకలు పట్టుకుని రోడ్డెక్కేవారు. ఇన్నేళ్ళ కొలువులో నన్ను చూసి ఎవరైనా పరుగెత్తుకొచ్చారంటే అది ఆ సైకిలు వల్లే. అది పోతే నాకు చాలా కష్టంగా ఉంటుంది. ఇంతకన్నా పెద్ద మాట దొరకడం లేదు.

పాత టైరు చిరగడం కూడా నా తప్పు కాదు. ఈ ఏడు మంచు మరీ అన్యాయంగా ఉంది, మధ్యాహ్నమైనా విడవడం లేదు. ఆ మంచులో మలుపు దగ్గర ఎవరిదో గేదె అడ్డం వస్తే, దాన్ని తప్పించబోయి కల్వర్టు గోడకు కొట్టుకున్నాను. వెనకే బండి తోలుకుంటూ వస్తున్న మల్లేశు నన్ను లేపాడు. గేదెను వదిలేసేవాళ్ళకు బుద్ధి లేదు. పాటల పుస్తకాలు అచ్చువేసేవాళ్ళకు అంతకన్నా లేదు. కొత్తగా వచ్చిన పుస్తకంలో అక్షరాలు చీమతలకాయల్లా వేశారు, మీ అక్క పక్కన నిలబడి అందిస్తే గానీ పాట నడవడం లేదు. ఈ కాలంలో ఎవరూ ఏ పనీ సరిగ్గా చేయడం లేదు, నువ్వూ అందులో ఒకడివి. ఈ మాట కొట్టివేయమని మీ అక్క అంటోంది. ఉండనీ.

కాబట్టి ఎలీయేజరూ, ఈ టైరును మల్లేశు బండి మీద తిప్పి పంపుతున్నాను. కాలిన చోట చూసి నవ్వకు. వెంటనే కొంచెం పెద్దది, చక్రానికి పట్టేది పంపు. పంపే ముందు నీ చేత్తో నువ్వు ఒక చక్రానికి ఎక్కించి చూడు. ఇది టైరు లోపమేనని ఒక ముక్క రాసి పంపు, దొరగారికి చూపించుకుంటాను. ఇంతకుమించి నిన్ను ఏమీ కోరను.

చెల్లెమ్మకు నా ఆశీస్సులు. పిల్లల్ని దేవుడు చల్లగా చూడుగాక.

ఇట్లు,
నీ మేలు కోరే బావ, నీ మీద కోపంగా ఉన్న బావ,
యెహోషువ

తా.క.

తమ్ముడూ, ఈ మాటలు నావి. మీ బావ చక్రం కడగడానికి పెరట్లోకి వెళ్ళారు.

పైన తిట్లన్నీ నా చేత్తోనే రాశాను, ఏమీ అనుకోకు. నీ టైరులో ఏ లోపమూ లేదు. లోపం పట్టీలో ఉంది. ఒక్క పొర చాలే చోట, పాత చీర చించి పొర మీద పొర వేసి కుట్టాను. రిమ్ము నడిమి గాడి గుడ్డతో నిండిపోతే టైరు అంచు దిగడానికి చోటుండదనీ, ఎంత లాగినా ఎక్కదనీ నీ కొట్లో నువ్వే ఒకసారి నాకు చూపించావు. ఎందుకు చెప్పావో గానీ నాకు అది పనికొచ్చింది.

గేదె ఏదీ రాలేదు తమ్ముడూ. మల్లేశు నాతో విడిగా చెప్పాడు. ఎండ బాగా కాస్తోందట, రోడ్డు ఖాళీగా ఉందట. ఈయన మలుపు తిరక్కుండా తిన్నగా వెళ్ళి గోడకు కొట్టుకున్నారు. గోడ అవతల లోయ. ఈ నెలంతా పొద్దెక్కాక ఇక్కడ మంచన్నదే లేదు. ఆయన చెప్పే మంచు ఆయన కళ్ళలో ఉంది. కళ్ళ మాట ఎత్తితే అన్నం ముందు నుంచి లేచిపోతున్నారు. చూపు లేదని తెలిస్తే సైకిలే కాదు, బడి కూడా పోతుందని ఆయన భయం. నా భయం ఆ గోడ. అందుకని ఈ పని చేశాను. నడిచి వెళ్తే నేను వెంట వెళ్తాను. సైకిలు వెనక నేను పరుగెత్తలేను.

ఇంకొకటి చెప్పాలి. నిన్న ఆయన పట్టీ విప్పి, ఒళ్ళో వేసుకుని, వేళ్ళతో చాలాసేపు తడిమారు. అంచు దగ్గర పొరలు విడదీసి చూశారు. బాగా కుట్టావు లిదియా అని, తన చేతులతోనే దాన్ని మళ్ళీ రిమ్ముకు చుట్టేశారు. ఈ వేళ పొద్దున్నే నన్ను కూర్చోబెట్టి, పట్టీకి వంక పెట్టే పని లేదని రాయి, తప్పంతా టైరుదేనని గట్టిగా రాయి అన్నారు. రాస్తుంటే అక్షరాలు కనపడక రెండుసార్లు ఆగాను.

నీ జవాబు నేనే చదివి వినిపించాలి. కనుక అందులో కళ్ళ ఊసు రానీయకు. తప్పు టైరుదేనని ఒప్పేసుకో, నీకు పోయేదేమీ లేదు. కొండ మీద చలికి ఏ టైరూ ఎక్కదు, చక్రం పట్టుకుని బావే స్వయంగా కొట్టుకు రావాలి అని రాయి. మీ వీధి చివర ఆసుపత్రికి కళ్ళ డాక్టరు ఎప్పుడు వస్తాడో కనుక్కుని, సరిగ్గా ఆ రోజుకే రమ్మని రాయి.

చక్రాన్ని ఆయన తీసుకొస్తారు. ఆయన్ని నేను తీసుకొస్తాను.

అక్క,
లిదియా